మంచి ఏఐ ఏజెంటును, హాని చేసే బాట్‌ను సర్వర్ దగ్గర ఎలా వేరు చేయాలి? (కడియం నర్సరీ వెబ్‌సైటు గురించి)

ప్రశ్న: పులంక మొక్కలు (కడియపులంక)

అందరికీ నమస్కారం. కడియపులంకలో మా కుటుంబానికి నర్సరీ ఉంది, దాని వెబ్‌సైటు పని నేను చూసుకుంటున్నాను. నూరువరహాల మొదలు అరెకా పామ్ వరకు ప్రతి మొక్కకూ ఒక పేజీ ఉంటుంది. అందులో కవరు సైజు, ఎత్తు, ఫొటోలు, టోకు ధర ఇస్తాము. కొనదలచినవారు తమకు కావలసిన సంఖ్య రాసి, సరుకును తమ పేరున ఆపి ఉంచమని కోరవచ్చు. ఆ తరువాత మేము ఫోన్ చేసి, లారీ సంగతి, లోడింగు సంగతి మాట్లాడుకుని అడ్వాన్సు తీసుకుంటాము.

వానలు మొదలై మొక్కల అమ్మకాలు పెరిగే సమయానికి మా సర్వర్ మీద భారం విపరీతంగా పెరిగింది. లాగ్ (ఎవరెవరు వచ్చారో సర్వర్ రాసుకునే చిట్టా) చూస్తే వచ్చినవారిలో మనుషులు తక్కువ, ప్రోగ్రాములు ఎక్కువ. కొన్ని మా ఫొటోలను, ధరలను టోకున దించుకుపోతున్నాయి. కొన్ని పనిచేయని ఫోన్ నంబర్లతో వందల మొక్కలను ఆపి ఉంచుతున్నాయి, దానితో నిజంగా కొనేవారికి 'స్టాకు లేదు' అని కనిపిస్తోంది. ఈ రెండింటినీ ఆపాలనడంలో నాకు సందేహం లేదు.

నన్ను ఆలోచనలో పడేసింది మూడో రకం. హైదరాబాదులో తోటల పని చేసే ఒక కాంట్రాక్టరు, కడియంలో ఏ నర్సరీలో ఏ మొక్క ఎంతకు దొరుకుతుందో చూడమని తన ఏఐ సహాయకుడికి చెప్పారట. అది మా పేజీలు చదివి, ధరలు పోల్చి, మా ఫారం నింపింది. ఆయన మరుసటి రోజు ఫోన్ చేసి మాట్లాడి, ఒక లారీ సరుకు తీసుకువెళ్లారు. 'మనిషి కాని ప్రతిదాన్నీ ఆపేయండి' అని మా హోస్టింగ్ వారు ఇచ్చిన సలహాను అప్పటికే పాటించి ఉంటే ఆ బేరం మా దాకా వచ్చేది కాదు. అందుచేత, ఒక మనిషి పనిమీద నిజాయితీగా వచ్చిన ఏజెంటును, దోచుకోవడానికో పాడుచేయడానికో వచ్చిన బాట్‌ను సర్వర్ వైపు నుంచి నమ్మకంగా వేరుచేసే పద్ధతి ఏదైనా ఉందా? మాలాంటి చిన్నవాళ్లు చేయగలిగినది అందులో ఎంత?

జవాబు: లాగ్ పరిశీలకుడు (భీమవరం)

మీరు ప్రశ్నను సరైన చోట పెట్టారండి. మనిషా, యంత్రమా అన్న విభజన ఇప్పుడు మనకు పెద్దగా పనికిరావడం లేదు. ఎవరి తరఫున వచ్చింది, వచ్చి ఏమి చేస్తోంది అన్న రెండు ప్రశ్నలను విడివిడిగా అడగాలి. నేను మొదటి ప్రశ్నకే పరిమితమవుతాను.

దాదాపు ప్రతి ప్రోగ్రామూ తన పేరును యూజర్ ఏజెంట్ అనే వరుసలో చెప్పుకుంటుంది. అది లారీ వెనుక రాయించుకున్న పేరు వంటిది, ఎవరైనా ఏదైనా రాయించుకోవచ్చు. చెక్‌పోస్టులో వే బిల్లు చూసినట్టు మనం దాని వెనుక ఉన్న ఆధారాన్ని చూడాలి. గూగుల్‌బాట్ (గూగుల్ శోధన కోసం పేజీలు చదివే ప్రోగ్రాము) అని చెప్పుకుంటూ వచ్చినదాని ఐపీ చిరునామాను (నెట్‌లో దాని నంబరును) డీఎన్ఎస్‌లో (సైటు పేర్లను, ఐపీ నంబర్లను జతచేసే చిట్టాలో) తిరగేసి వెతికితే గూగుల్‌బాట్ డాట్ కామ్ లేదా గూగుల్ డాట్ కామ్ తో ముగిసే పేరు రావాలి, ఆ పేరును మళ్లీ ముందుకు వెతికితే అదే ఐపీ చిరునామా తిరిగి రావాలి. రెండు వైపులా సరిపోతేనే అది గూగుల్‌ది. ఈ పద్ధతిని గూగుల్ స్వయంగా తన పత్రాలలో చెప్పింది, దానితోపాటు తన ఐపీ శ్రేణుల జాబితాను కూడా బహిరంగంగా ఉంచుతుంది. చాట్‌జీపీటీని తయారుచేసే ఓపెన్‌ఏఐ కూడా తన బాట్‌ల ఐపీ జాబితాలను ప్రచురిస్తోంది. ఈ జాబితాలను రోజూ ఒకసారి దించుకుని లాగ్‌తో సరిపోల్చే చిన్న స్క్రిప్టు రాసుకోవడం కష్టమేమీ కాదు. జాబితా ప్రచురించే పెద్ద సంస్థ పేరు పెట్టుకుని, ఆ జాబితాలో లేని చిరునామా నుంచి వచ్చినదాన్ని నిస్సంకోచంగా ఆపేయండి, ఎందుకంటే అది తన గురించి అబద్ధం చెప్పిందని అక్కడే రుజువైంది.

ఒకే సంస్థ నుంచి వచ్చే బాట్‌లన్నీ ఒకే పనికి రావు. ఓపెన్‌ఏఐ నుంచి జీపీటీబాట్ వస్తే అది ఏఐ మోడల్ శిక్షణకు సమాచారం సేకరించడానికి, ఓఏఐ-సెర్చ్‌బాట్ వస్తే శోధన సూచిక కోసం, చాట్‌జీపీటీ-యూజర్ వస్తే ఎవరో ఒక వ్యక్తి అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడానికి. క్లాడ్ అనే ఏఐని తయారుచేసే ఆంత్రోపిక్ కూడా క్లాడ్‌బాట్, క్లాడ్-సెర్చ్‌బాట్, క్లాడ్-యూజర్ అని మూడు పేర్లు పెట్టింది. మీ కాంట్రాక్టరు గారి సహాయకుడు ఈ మూడో రకానికి చెందినదై ఉండవచ్చు. మీ ఫొటోలు శిక్షణకు వెళ్లడం ఇష్టం లేకపోతే మొదటి రకాన్ని వద్దని, మూడో రకాన్ని రమ్మని చెప్పడానికి ఇందువల్ల వీలుంది. గూగుల్-ఎక్స్‌టెండెడ్ అనేది మాత్రం వేరే బాట్ కాదు, మీ సమాచారాన్ని గూగుల్ ఏఐ శిక్షణకు వాడవద్దని చెప్పడానికి రోబోట్స్ ఫైలులో (ఏ బాట్ ఏ పేజీలకు రావచ్చో, రాకూడదో సైటు రాసిపెట్టే ఫైలులో) వాడే ఒక గుర్తు మాత్రమే. లాగ్‌లో ఆ పేరు కనిపించదు, దాన్ని వద్దన్నందువల్ల గూగుల్ శోధనలో మీ స్థానం మారదు.

రోబోట్స్ ఫైలు గురించి కూడా చెప్పాలి. 1994లో మార్టెయిన్ కోస్టర్ ప్రతిపాదించిన ఈ పద్ధతి 2022లో ఆర్ఎఫ్‌సీ 9309 అనే పత్రంగా ఇంటర్నెట్ ప్రమాణం అయింది. అయినా అది ఒక విన్నపమే, తలుపు కాదు. పైగా, వినియోగదారు అడిగితే వచ్చే తన ప్రోగ్రాములు సాధారణంగా రోబోట్స్ నియమాలను పట్టించుకోవని గూగుల్ తన పత్రాలలోనే చెబుతోంది. కాబట్టి ఆ ఫైలును లెక్కచేయని ప్రతిదాన్నీ దొంగగా జమకట్టలేము. శిక్షణ కోసం వచ్చిన బాట్ దాన్ని మీరితే మాత్రం అది గట్టి సాక్ష్యమే.

మీ భారం విషయంలో ఒక అనుమానం. రంగు, కవరు సైజు, ధర ఆధారంగా మొక్కలను వడబోసే సదుపాయం మీ సైటులో ఉంటే, ఆ మూడింటి కలయికలతో వేల కొద్దీ పేజీ చిరునామాలు (యూఆర్ఎల్‌లు) పుడతాయి. మర్యాదగల బాట్ కూడా అందులో చిక్కుకుని తిరుగుతూనే ఉంటుంది. ముందు ఆ వడబోత చిరునామాలను రోబోట్స్ ఫైలులో మూసివేసి, ఆ తరువాత లాగ్‌ను మళ్లీ చూడండి. మీరు శత్రువు అనుకుంటున్నదానిలో కొంత భాగం దారి తప్పిన అతిథి కావచ్చు.

జవాబు: నెట్‌వర్క్స్ అధ్యాపకురాలు (అమలాపురం)

భీమవరం గారు చెప్పిన ఐపీ పరిశీలన ఈ రోజుకు పనికొస్తుంది. అయితే దానికి ఒక హద్దు ఉంది. జాబితా ప్రచురించే పెద్ద సంస్థలనే అది గుర్తిస్తుంది. రేపు ఒక చిన్న కంపెనీ మంచి ఏజెంటును తయారుచేసి, అద్దె సర్వర్ల మీద నడిపితే, అదే అద్దె సర్వర్ల నుంచి వచ్చే దొంగ బాట్‌కు, దానికి ఐపీని బట్టి తేడా తెలియదు.

ఈ లోటును తీర్చడానికే సంతకం చేసిన అభ్యర్థనల పద్ధతి వస్తోంది. హెచ్‌టీటీపీ సందేశాలకు డిజిటల్ సంతకం పెట్టే విధానం 2024లో ఆర్ఎఫ్‌సీ 9421గా ప్రమాణమైంది. దాని ఆధారంగా బాట్‌లు తమను తాము నిరూపించుకునే 'వెబ్ బాట్ ఆథ్' అనే పద్ధతి మీద ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ సంస్థలో పని జరుగుతోంది. ఏజెంటును నడిపే సంస్థ ఒక రహస్య తాళాన్ని (సంతకం చేయడానికి వాడే రహస్య సంఖ్యను) తన దగ్గర ఉంచుకుని, దాని జత అయిన బహిరంగ తాళాన్ని తన డొమైనులో అందరికీ తెలిసిన చోట పెడుతుంది. ఏజెంటు పంపే ప్రతి అభ్యర్థనలో సంతకం, అది ఏ సైటుకు ఉద్దేశించినది, ఎప్పటి వరకు చెల్లుతుంది అన్న వివరాలు ఉంటాయి. మన సర్వర్ ఆ బహిరంగ తాళాన్ని తెచ్చుకుని సంతకాన్ని సరిచూస్తుంది. మీ సైటు కోసం చేసిన సంతకాన్ని ఎవరైనా మధ్యలో పట్టుకున్నా, దాన్ని వేరొక సైటులో వాడలేరు, గడువు దాటాక మీ సైటులోనూ వాడలేరు. చాట్‌జీపీటీ ఏజెంటు ఇప్పటికే ఈ పద్ధతిలో తన అభ్యర్థనలకు సంతకం చేస్తోంది. సైటుకు ముందు నిలిచి రద్దీని వడగట్టే క్లౌడ్‌ఫ్లేర్ వంటి సేవలు ఈ సరిచూపును తమ వైపే చేస్తాయి కనుక మీరు స్వయంగా కోడు రాయవలసిన అవసరం రాకపోవచ్చు.

ఇంత చెప్పిన తరువాత, సంతకం మీద అతిగా ఆశ పెట్టుకోవద్దని కూడా గట్టిగా చెప్పదలిచాను. సంతకం వచ్చినది ఎవరో చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు. మంచి పేరున్న కంపెనీ ఏజెంటునే అద్దెకు తీసుకుని, ఒక దుర్మార్గుడు మీ స్టాకు అంతా ఆపి ఉంచమని దానికి ఆజ్ఞ ఇవ్వవచ్చు. ఏదో పేజీలో ఏజెంటుకు ఆజ్ఞలా దాచిన రాతను చదివి ఏజెంటే దారి మళ్లవచ్చు. అప్పుడు కూడా సంతకం సరిగ్గానే ఉంటుంది. గుర్తింపు వల్ల మనకు నిజంగా దక్కేది జవాబుదారీ: తప్పు జరిగినప్పుడు ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలుస్తుంది, ఆ ఒక్క ఏజెంటునే ఆపగలుగుతాము, పక్కవారు దెబ్బతినరు.

మన రైల్వే అనుభవం ఇక్కడ చూడదగినది. తత్కాల్ బుకింగు తెరిచిన మొదటి అయిదు నిమిషాలలో లాగిన్ ప్రయత్నాలలో దాదాపు 50 శాతం బాట్‌లవేనని 2025 జూన్‌లో రైల్వే శాఖ ప్రకటించింది. అనుమానాస్పదమైన 2.5 కోట్ల యూజర్ ఐడీలను నిలిపివేసినట్టు చెప్పింది. ఆ తరువాత జులై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. రైళ్ల వేళలు చూసేవారిని ఎవరూ ఆధార్ అడగలేదు. కొరత ఉన్న వస్తువును ఒకరి పేరున కట్టబెట్టే చోట మాత్రమే గట్టి గుర్తింపు పెట్టారు. మీ సమస్య కూడా సరిగ్గా అక్కడే ఉంది, ధరలు చదివే చోట కాదు.

జవాబు: రొయ్యల రేట్లు (ఉండి)

నేను రొయ్యల కౌంటు ధరలు రోజూ పెట్టే చిన్న సైటును నడుపుతున్నాను. పై ఇద్దరూ గుర్తింపు గురించి చెప్పారు కాబట్టి, నేను నడవడిక గురించి, అంతకన్నా ముఖ్యంగా పొరపాటున మంచివారిని ఆపడం గురించి రాస్తాను. మన ప్రాంతంలో ఈ రెండోదాని వల్ల కలిగే నష్టం తక్కువేమీ కాదు.

చెరువు గట్టు మీద నిలబడి మొబైల్‌లో ధర చూసే రైతుకు సొంత ఐపీ చిరునామా ఉండదు. మొబైల్ కంపెనీలు ఒకే పాత తరహా చిరునామా వెనుక ఎందరో వినియోగదారులను కలిపి ఉంచుతాయి. బాట్ వచ్చిందని ఆ చిరునామాను ఆపేస్తే, ఆ వెనుక ఉన్న రైతులందరూ ఆగిపోతారు. మరో వైపు, అసలైన దొంగలు ఇళ్లలోని ఇంటర్నెట్ కనెక్షన్ల మీదుగా తిరిగే ప్రాక్సీలను (మధ్యవర్తి సర్వర్లను) అద్దెకు తీసుకుని ప్రతి అభ్యర్థనకూ చిరునామా మారుస్తారు. అంటే ఐపీని బట్టి శాశ్వతంగా నిషేధించడం వల్ల దొంగ తప్పించుకుంటాడు, రైతు చిక్కుకుంటాడు. నిషేధం పెట్టక తప్పకపోతే కొద్ది గంటలకు మించకుండా పెట్టండి.

బొమ్మలలో ట్రాఫిక్ లైట్లు గుర్తించమని, వచ్చినది మనిషో కాదో తేల్చే కాప్చా పెట్టమని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. ఆ తరహా గూగుల్ రీకాప్చా రెండో వెర్షనులోని బొమ్మల పరీక్షలను తమ ప్రోగ్రాము నూటికి నూరు శాతం పరిష్కరించిందని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు 2024లో చూపించారు. యంత్రం దాటిపోయే ఆ గడప దగ్గర చూపు తగ్గిన పెద్దలు ఆగిపోతున్నారు, అది అన్యాయం.

నడవడికలో నేను చూసే గుర్తులు వేరు. వేగంగా రావడం, బొమ్మలు తెరవకపోవడం నేరాలు కావు, మంచి ఏజెంట్లు కూడా అక్షరాలు మాత్రమే చదివి వెళతాయి. నేను గమనించేది హద్దు చెప్పినప్పుడు ఏమి చేస్తుందని. 429 అనే జవాబుతో 'ఎక్కువైంది, ఇంత సేపటి తరువాత రండి' అని చెబితే మంచిది ఆగుతుంది, చెడ్డది పేరు మార్చుకుని మళ్లీ వస్తుంది. అలాగే రోబోట్స్ ఫైలులో వద్దని రాసి, పేజీలో మనిషి కంటికి కనిపించకుండా ఉంచిన లింకును తెరిచేది ఏదైనా అనుమానించదగినదే. ఫారంలో దాచిన గడి పెట్టే పద్ధతి కూడా ఉంది, మనిషి కంటికి కనిపించదు కనుక దాన్ని నింపినది బాట్ అని తెలుస్తుంది. అయితే అంధులు వాడే స్క్రీన్ రీడర్లు దాన్ని చదివే అవకాశం ఉంటుంది కనుక, 'ఈ గడిని ఖాళీగా వదిలేయండి' అని తెలుగులో, ఇంగ్లిషులో రాసి ఉంచండి. నిజాయితీగల ఏజెంటు కూడా ఆ మాట చదివి వదిలేస్తుంది.

ఓటీపీ విషయంలో మిమ్మల్ని ముందే హెచ్చరిస్తున్నాను. దొంగ నంబర్ల బెడద తగ్గించడానికి ఓటీపీ పెట్టాలని మీకు అనిపిస్తుంది, పెట్టాలి కూడా. కాని ఓటీపీ ఫారం బయట కనిపించగానే, ఎవరెవరివో నంబర్లు ఇచ్చి సందేశాలు పంపించే బాట్‌లు వస్తాయి. ప్రతి సందేశానికీ డబ్బు మీరే కట్టాలి, ఏ సంబంధమూ లేనివారి ఫోన్లు అర్ధరాత్రి మోగుతాయి. ఒక నంబరుకు గంటకు ఎన్ని, ఒక సెషనుకు (ఒకసారి సైటుకు వచ్చి వెళ్లేలోపు) ఎన్ని, మొత్తం సైటుకు రోజుకు ఎన్ని అన్న మూడు హద్దులనూ సందేశం పంపకముందే సరిచూసేలా పెట్టుకోండి.

ప్రశ్నించినవారి స్పందన: పులంక మొక్కలు (కడియపులంక)

ముగ్గురికీ కృతజ్ఞతలు. వడబోత చిరునామాల సంగతి నిజమేనండి. వాటిని మూసివేశాక లాగ్‌లో రద్దీ కంటికి కనిపించేంతగా తగ్గింది. గూగుల్‌బాట్ అని చెప్పుకుంటూ ఫొటోలు దించుతున్న ఒక గుంపు డీఎన్ఎస్ పరీక్షలో పట్టుబడింది.

మరో రెండు సందేహాలు మిగిలాయి. కొనుగోలుదారు సొంత కంప్యూటరులోని బ్రౌజరు లోపలే పనిచేసే ఏజెంట్లు ఉన్నాయని విన్నాను. అవి ఆయన ఇంటి ఐపీతో, మామూలు క్రోమ్ పేరుతోనే వస్తాయి కదా, సంతకమూ ఉండదు, జాబితాలోనూ ఉండవు. వాటిని ఏ వర్గంలో చేర్చాలి? రెండోది, నర్సరీ ఫొటోలను దించుకుని తమవిగా పెట్టుకునేవారి మీద చట్టప్రకారం ఏమైనా చేయవచ్చా?

జవాబు: నెట్‌వర్క్స్ అధ్యాపకురాలు (అమలాపురం)

బ్రౌజరు లోపలి ఏజెంటును నమ్మకంగా గుర్తించే మార్గం ఈ రోజు సర్వర్ వైపు లేదు. టైపు చేసే వేగాన్నీ, మౌసు కదలికనూ కొలిచి పట్టుకుంటామనే సేవలు ఉన్నాయి. వాటి వల్ల ఒక చేతితో టైపు చేసేవారు, కీబోర్డుతోనే పని చేసుకునేవారు కూడా అనుమానితులవుతారు కనుక నేను వాటిని సిఫారసు చేయను. ఆ ఏజెంటును ఆ కొనుగోలుదారుగానే లెక్కించండి. ఆయన ఇంట్లో, ఆయన లాగిన్‌తో, ఆయన కళ్లెదుట జరిగే పని అది, బాధ్యత కూడా ఆయనదే. ఆయనకు వర్తించే హద్దులన్నీ దానికీ వర్తిస్తాయి.

అందువల్ల మీ సైటును వచ్చేవారిని బట్టి కాక, చేసే పనిని బట్టి విభజించుకోండి. మొక్కల పేర్లు, సైజులు, ధరలు చదవడం అందరికీ తెరిచి ఉంచి, వేగానికి మాత్రం హద్దు పెట్టండి. ధరల పట్టికను ఒకే సాదా పేజీగా కూడా ఇస్తే, మంచి ఏజెంట్లు వందల పేజీలు తిరగకుండా అక్కడే చదువుకుని వెళతాయి. పెద్ద ఫొటోలు లాగిన్ అయినవారికి, చిన్నవి నర్సరీ పేరు ముద్రించి అందరికీ ఇవ్వండి. ధర అడిగే ఫారం నింపడం ఏజెంట్లకు కూడా అనుమతించి, 'ఇది ఏఐ సహాయకుడు నింపినది' అని చెప్పుకోవడానికి ఒక గడి పెట్టండి. నిజాయితీగా చెప్పుకున్నవారిని ఆ కారణంగా వెనక్కు నెట్టవద్దు, లేకపోతే రేపటి నుంచి ఎవరూ నిజం చెప్పరు.

స్టాకు ఆపి ఉంచే చోట మాత్రం కఠినంగా ఉండాలి. ఓటీపీతో సరిచూసిన నంబరు లేనిదే ఆపవద్దు. కొత్త నంబరుకు కొద్ది మొక్కల వరకే ఆపండి. చిన్న మొత్తమైనా అడ్వాన్సు నిర్ణీత సమయంలో రాకపోతే స్టాకు దానంతట అదే విడుదల కావాలి. అడ్వాన్సును యూపీఐ ద్వారా తీసుకుంటే, సాధారణంగా పిన్ నొక్కవలసినది తన ఫోనులో ఆ మనిషే కనుక, ఏజెంటు ఎంత దూరం పని నడిపినా చివరి ఒప్పుకోలు చాలావరకు మనిషి నుంచే వస్తుంది. దొంగ బాట్‌లను నడిపేవారికి వందల నంబర్లు సంపాదించడం సులువు కావచ్చు, ప్రతిదానికీ డబ్బు కట్టడం సులువు కాదు.

చట్టం సంగతి: అనుమతి లేకుండా కంప్యూటరు వ్యవస్థ నుంచి సమాచారాన్ని దించుకోవడం, నకలు తీయడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 43వ సెక్షను కిందికి వస్తుంది. బహిరంగంగా ఉంచిన పేజీకి అనుమతి ఉందా లేదా అన్న వాదన తప్పకుండా వస్తుంది కనుక, ఫొటోల వాడకం మీద మీ నిబంధనలను సైటులో స్పష్టంగా రాసి ఉంచండి. మీరు తీసిన ఫొటోల మీద కాపీరైటు మీకు ఎలాగూ ఉంది. మీ ఫొటోలను తమవిగా పెట్టుకున్న సైటు హోస్టింగ్ వారికి ముందుగా ఆ ఆధారంతో రాయడమే త్వరగా ఫలించే దారి. మీ పేరుతో నకిలీ సైటు పెట్టి ఎవరి దగ్గరైనా అడ్వాన్సులు తీసుకుంటున్నట్టు తెలిస్తే మాత్రం అది మోసం కనుక ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

జవాబు: లాగ్ పరిశీలకుడు (భీమవరం)

అధ్యాపకురాలు గారి మాటకు ఒక చేర్పు. ఈ హద్దులన్నీ పెట్టేటప్పుడు మొదటి వారం దేన్నీ ఆపకుండా, 'హద్దు అమలులో ఉంటే దీన్ని ఆపి ఉండేవాళ్లం' అని లాగ్‌లో రాసుకునే విధంగా మాత్రమే నడపండి. ఆ జాబితాలో మీకు ఫోన్ చేసి సరుకు తీసుకువెళ్లిన కొనుగోలుదారుల నంబర్లు ఎన్ని ఉన్నాయో చూసి, హద్దులను సరిచేసి, అప్పుడు అమలు చేయండి. ఐపీ జాబితాలతో సరిపోల్చే స్క్రిప్టును, వ్యక్తుల వివరాలు తొలగించి, ఈ రాత్రి ఇక్కడే పెడతాను. కడియం చుట్టుపక్కల ఇతర నర్సరీలవారు కూడా వాడుకోవచ్చు.